మొదటి సినిమా పాట కేపో పెట్టి నేర్చుకోవచ్చా, ఎఫ్ కార్డ్ వచ్చేదాకా ఆగాలా?

నల్లగొండ_కొత్తతీగ:
అందరికీ నమస్తే. నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను. అకౌస్టిక్ గిటార్ మీద జీ, సీ, డీ, ఈ మైనర్ శుభ్రంగా పలుకుతున్నాయి. ఎఫ్ పట్టుకుంటే మాత్రం సగం తీగలు మూగబోతున్నాయి. దసరాకి చుట్టాలంతా ఇంటికొస్తారు. మా చెల్లి ఒక సినిమా మెలొడీ పాడుతుంది, నేను వాయించాలి. నెట్‌లో దొరికిన చార్ట్‌లో పల్లవి మొత్తం బీ ఫ్లాట్, జీ మైనర్, ఈ ఫ్లాట్, ఎఫ్. నాలుగూ బార్ కార్డ్‌లే, అంటే చూపుడు వేలిని అడ్డంగా వేసి తీగలను ఒకేసారి నొక్కాల్సినవి. మూడో ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీది మూడో గడిలో) కేపో, అంటే తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్, పెడితే ఇవే జీ, ఈ మైనర్, సీ, డీ పట్లతో వస్తాయని ఒక వీడియోలో చూశాను. వాయించి చూస్తే పాటతో సరిగ్గా కలిసింది. కానీ నేర్పే సార్ వద్దంటున్నారు. కేపో అలవాటైతే చెయ్యి గట్టిపడదట. ముందు బార్ కార్డ్‌లు, స్కేల్స్, ఆ తర్వాతే పాట అంటున్నారు. సార్ మాట కాదనలేను, పాట వదులుకోవాలనీ లేదు. మీరేమంటారు?

గద్వాల_ఫ్రెట్:
మీ సార్ చెప్పిందే కరెక్ట్ తమ్ముడూ. నాలుగు కార్డ్‌లతో ఒక పాట వస్తుంది, అదే నాలుగింటితో ఇంకో పాట కూడా వస్తుంది, ఇక ఎఫ్ జోలికి ఎవరూ పోరు. చరణంలో బీ మైనర్ రాగానే ఆగిపోయేవాళ్లను చాలామందిని చూశాను. పాట తొందరగా రావాలన్న టెన్షన్‌లో స్ట్రమ్మింగ్ కూడా పాడవుతుంది. దసరా ప్రతి ఏడూ వస్తుంది. చేతికి ఒకసారి తప్పుడు అలవాటు పట్టిందంటే మాన్పించడం చాలా కష్టం.

పాలమూరు_శ్రుతి:
గద్వాల అన్నా, చెయ్యి గట్టిపడాలన్న మాటతో నాకు పేచీ లేదు. పాటను ఆపి చెయ్యి గట్టిపరచాలన్న దగ్గరే నేను ఒప్పుకోను.

ఆ నాలుగు కార్డ్‌ల మీద కేపోతో వాయిస్తే ఎడమచెయ్యి ఏం నేర్చుకుంటుందో చూడండి. జీ పట్టుకున్నప్పుడు చూపుడు వేలు ఐదో తీగ రెండో ఫ్రెట్‌లో ఉంటుంది. అక్కడి నుంచి ఈ మైనర్‌కు వెళ్లేటప్పుడు ఆ వేలు ఎత్తక్కర్లేదు, మధ్యవేలు మాత్రం ఆరో తీగ నుంచి నాలుగో తీగ రెండో ఫ్రెట్‌కు వస్తుంది. ఈ మైనర్ నుంచి సీకి వెళ్లేటప్పుడు ఇప్పుడు ఆ మధ్యవేలు ఉన్నచోటే ఉంటుంది, చూపుడు వేలూ ఉంగరపు వేలూ కదులుతాయి. ఒక వేలు నిలబడి ఉండగా మిగతావి దాని చుట్టూ సర్దుకోవడం, అదీ తాళం తప్పకుండా! కార్డ్ మార్చడమంటే ఇదే. ఇది స్కేల్స్ వాయిస్తే రాదు. పాట నడుస్తుంటే, పాడే మనిషి మన కోసం ఆగకుండా వెళ్లిపోతుంటే వస్తుంది.

కుడిచెయ్యి సంగతి ఎవరూ మాట్లాడరు. కార్డ్ కుదరకపోయినా కుడిచెయ్యి ఆగకూడదు, మూగ తీగల మీదైనా ఆడుతూనే ఉండాలి. బతుకమ్మ చుట్టూ తిరిగేవాళ్లు పాట మాటలు మరిచిపోయినా చప్పట్లు తప్పరు కదా, అలా. మన ఇళ్లల్లో లయ చిన్నప్పటి నుంచీ ఒంట్లో ఉంటుంది. దాన్ని గిటార్ మీదికి తేవాలంటే మనకు బాగా తెలిసిన పాటే కావాలి. వేగం అందకపోతే యూట్యూబ్‌లో 0.75 పెట్టుకో తమ్ముడూ, శ్రుతి మారకుండా పాట మెల్లగా నడుస్తుంది.

పాటలతో నేర్పడం అల్లాటప్పా పద్ధతేమీ కాదు. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల రాక్ అండ్ పాప్ గ్రేడ్ పరీక్షల్లో మూడు పాటలు వాయించాలి. వాటితో పాటు సెషన్ స్కిల్స్ అని ఇంకో భాగం ఉంటుంది. అంటే అక్కడ కూడా పాటే ప్రధానం.

కేపో పెట్టేటప్పుడు ఫ్రెట్ కమ్మీకి ఆనుకునేంత దగ్గరగా, కొంచెం వెనక పెట్టు. రెండు ఫ్రెట్‌ల మధ్యలో పెడితే తీగ జీరగా పలుకుతుంది. పెట్టాక ట్యూనర్‌తో మళ్లీ చూసుకో, కేపో నొక్కుడుకు తీగల శ్రుతి కాస్త పైకి పోతుంది.

మిర్యాలగూడ_కీబోర్డ్:
మా చర్చిలో కీబోర్డ్ నాది, పక్కన గిటార్ వాయించే పిల్లలు ముగ్గురు నలుగురు ఉంటారు. మా జిల్లాలో చాలామంది గిటార్ పట్టింది చర్చిలోనే, అందరూ పాటలతోనే మొదలుపెట్టారు. కేపో లేని గిటార్ బ్యాగ్ నాకు కనిపించలేదు. అయినా గద్వాల భాయ్ భయంలో నిజముంది. చివరి చరణానికి పాడేవాళ్లు ఉత్సాహంతో అర స్వరం పైకి ఎత్తుకుంటారు. కీబోర్డ్‌కు శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది, నొక్కితే అయిపోతుంది. గిటార్ పిల్లాడు పాట మధ్యలో కేపో జరపలేడు. బార్ కార్డ్ వచ్చినవాడు అదే పట్టును ఒక ఫ్రెట్ జరిపి నిలబడతాడు, రానివాడు చేతులు ముడుచుకుని కూర్చుంటాడు. ఆ పిల్లల ముఖాలు చూస్తే నాకు బాధేస్తుంది.

గద్వాల_ఫ్రెట్:
నేను చెప్పేది కూడా అదే. బార్ రాకపోతే గిటార్ సగమే వచ్చినట్టు.

సూర్యాపేట_గాత్రం:
మీరందరూ వాయించేవాళ్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు. పాడేదాన్నిగా నా మాట కూడా వినండి. ఈ చర్చలో ఆ చెల్లి గొంతు గురించి ఒక్కరూ అడగలేదు.

బీ ఫ్లాట్ అంటే మన కర్ణాటక సంగీతం లెక్కలో ఆరున్నర శ్రుతి. అది స్టూడియోలో ఆ గాయని గొంతుకు కుదిరిన శ్రుతి. మీ చెల్లికి అదే కుదరాలని ఏముంది? మన దగ్గర సంగీతం నేర్చుకునే ఆడపిల్లలు ఎక్కువగా ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడతారు. పల్లవి హాయిగా పాడి, చరణంలో పై షడ్జమం దాటే చోట గొంతు పట్టేస్తే, తప్పు పాడే అమ్మాయిది అనుకుంటారు. నిజానికి ఆ శ్రుతి నిర్ణయించినవాళ్లది తప్పు. రికార్డింగ్‌తో కలిసిందా అని కాదు తమ్ముడూ, చెల్లి గొంతుతో కలిసిందా అని చూడు. ముందు గిటార్ లేకుండా తనను పాడమను. పాటలో అన్నిటికన్నా పైకి వెళ్లే చోటు, అన్నిటికన్నా కిందికి దిగే చోటు రెండూ ఇబ్బంది లేకుండా పలికే శ్రుతి పట్టుకో. అది ఐదు అయితే కేపో తీసేసి అవే జీ పట్లు, ఐదున్నర అయితే ఒకటో ఫ్రెట్, ఆరు అయితే రెండో ఫ్రెట్. కేపో ఉన్నది ఇందుకే. దాన్ని బద్ధకం అనడం నాకు నచ్చలేదు.

ఒక్కటి మాత్రం చెయ్యి. కార్డ్‌లను జీ, ఈ మైనర్, సీ, డీ అని బట్టీ పట్టకు. పాట షడ్జమం జీ అనుకుంటే ఇవి స, ద, మ, ప మీద కట్టిన కార్డ్‌లు. సరళీ స్వరాలు పాడిన ఎవరికైనా ఇది అర్థమవుతుంది. అలా గుర్తుంటే రేపు ఏ శ్రుతిలో అడిగినా ఏ కార్డ్‌లు కావాలో నీకే తెలుస్తుంది, చార్ట్ వెతకక్కర్లేదు.

నల్లగొండ_కొత్తతీగ:
అక్కా, రాత్రి చెల్లితో పాడించి చూశాను. ఆరున్నరలో చరణం దగ్గర నిజంగానే ఇబ్బంది పడుతోంది, ఐదున్నరలో హాయిగా పాడింది. కేపో ఒకటో ఫ్రెట్‌కు వచ్చింది. సార్‌కు కూడా ఈ గొంతు సంగతి చెప్తాను. మరి ఎఫ్ సంగతి ఏం చేయమంటారు?

పాలమూరు_శ్రుతి:
ఎఫ్‌ను ఒకటో ఫ్రెట్‌లో మొదలుపెట్టకు. నట్‌కు (మెడ చివర తీగలు ఆనే పట్టీకి) అంత దగ్గర తీగ నొక్కడం అన్నిటికన్నా కష్టం. అదే పట్టును ఐదో ఫ్రెట్‌లో పట్టుకో, అది ఏ కార్డ్. అక్కడ ఆరు తీగలూ పలికాక రోజూ కొంచెం కొంచెం ఒకటో ఫ్రెట్ వైపు జరుపుకుంటూ రా. ఈలోగా పాటల్లో ఎఫ్ వస్తే చివరి నాలుగు తీగలతో, సన్న తీగను నొక్కకుండా ఎఫ్ మేజర్ సెవెన్ వాయించు. మెలొడీలకు వినసొంపుగానే ఉంటుంది.

గద్వాల_ఫ్రెట్:
ఐదో ఫ్రెట్ సలహా మంచిది, నేనూ అలాగే చెప్తాను. గొంతును బట్టి శ్రుతి అన్న సూర్యాపేట అక్క మాట కూడా ఒప్పుకుంటున్నాను, నేను అటు ఆలోచించలేదు. కానీ తమ్ముడూ, పాట ప్రాక్టీస్ చేసిన ప్రతిరోజూ బార్ కార్డ్‌కు కూడా కాసేపు కేటాయించు. పాట అయ్యాక చూద్దాంలే అనుకోకు. ముందు బార్ పట్టు, చెయ్యి అలిసిపోయాక కేపో పెట్టి పాట అందుకో.