వర్కవుట్లు మొదలుపెట్టాక గ్యాస్ ఎక్కువైంది, ప్రోటీన్ మానేయాలా?

ప్రశ్న
పొద్దున పరుగు, సాయంత్రం జిమ్. వాటికి తగ్గట్టు తిండి కూడా మార్చాను. ఉదయం పాలల్లో వే ప్రోటీన్ (పాల విరుగుడు నీటి నుంచి తీసిన పౌడర్), ఓట్స్. మధ్యాహ్నం ఉడికించిన శనగలు, పచ్చి ఉల్లిపాయతో సలాడ్. జిమ్‌కి ముందు షుగర్‌ఫ్రీ ప్రోటీన్ బార్. అప్పటి నుంచి కడుపు డోలులా ఉబ్బుతోంది. స్క్వాట్స్‌లో కిందికి దిగేటప్పుడు నా ధ్యాస బరువు మీద ఉండట్లేదు, వెనక ఎవరైనా నిలబడ్డారా అన్న టెన్షనే. నొప్పి లేదు. వాసన గురించి అడక్కండి.

పరుగుపిచ్చోడు
రోజుకు 10–20 సార్లు గ్యాస్ పోవడం మామూలే, కంగారు పడకండి. పౌడర్ మానేసి గుడ్లు తినండి, సరిపోతుంది.

మారథాన్ అక్క
గుడ్లలో గంధకం ఎక్కువ. ఆ సలహా పాటిస్తే వాసన ఇంకా పెరగొచ్చు!

ప్రోటీన్‌ని తిట్టేముందు దానితో పాటు ఏమేం లోపలికి వెళ్తున్నాయో చూడండి. గ్యాస్ చాలావరకు చిన్నపేగులో అరగని పిండిపదార్థాల వల్లే వస్తుంది. అవి పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ తయారుచేస్తుంది. కొందరిలో మీథేన్ కూడా. శనగల్లోని రాఫినోజ్ అనే చక్కెరను విడగొట్టే ఎంజైమ్ మనిషి పేగులో లేనే లేదు. ఉల్లిలోని ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలదీ అదే కథ. పాలల్లోని చక్కెర, అంటే లాక్టోజ్, కొందరికి పడదు. వే పౌడర్లలో కాన్సన్‌ట్రేట్ రకంలో లాక్టోజ్ కొంత ఉంటుంది, ఇంకా శుద్ధి చేసిన ఐసొలేట్ రకంలో చాలా తక్కువ.

నాకు ఎక్కువ అనుమానం ఆ బార్ మీదే. కవర్ తిప్పి మాల్టిటాల్, సార్బిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థాలు), ఇనులిన్ (ఒక రకం పీచు) ఉన్నాయేమో చూడండి, ఇవీ పూర్తిగా అరగక పెద్దపేగులో పులిసేవే.

పైగా గట్టిగా వ్యాయామం చేస్తున్నప్పుడు రక్తం కండరాలకు మళ్లి పేగులకు తగ్గుతుంది. రోజంతా ఇబ్బంది పెట్టని తిండే పరుగులో పేచీ పెట్టేది అందుకే. పోటీకి ముందు రెండు రోజులు నేను బీన్స్, ఉల్లి, పాలు ముట్టను. మిగతా రోజుల్లో హాయిగా తింటాను, బీన్స్, ఉల్లిలో పీచుంది, మంచి బ్యాక్టీరియాకు అదే మేత.

ప్రశ్న అడిగినవారు
కవర్ చూశాను అక్కా. పదార్థాల జాబితాలో మాల్టిటాల్ రెండో పేరు, ఇనులిన్ నాలుగో పేరు! శనగలు మాత్రం వదల్లేను, నాకు చాలా ఇష్టం.

మారథాన్ అక్క
వదలమని ఎవరన్నారు? రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించండి. డబ్బాలోవైతే బాగా కడగండి. కొద్దిగా మొదలుపెట్టి కొన్ని వారాల్లో పెంచండి. జిమ్‌కి ముందు కాకుండా తర్వాత తినండి. బార్ ఈరోజే ఆపేయండి. మిగతావి మాత్రం ఒక్కొక్కటిగానే మార్చండి, అన్నీ ఒకేసారి మానేస్తే ఏది పడలేదో ఎలా తెలుస్తుంది?

పరుగుపిచ్చోడు
గుడ్ల మాట వెనక్కి తీసుకోను, నాకైతే పడ్డాయి :) ఇంకోటి, షేక్ గటగటా తాగకండి, చూయింగ్‌గమ్ నమలకండి, గాలి మింగేస్తాం.

మారథాన్ అక్క
అది నిజం. షేకర్‌లో నురగ తగ్గేదాకా ఆగి తాగండి. విరేచనంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఆగని విరేచనాలు ఉంటే మాత్రం తిండి మార్పులతో కాలయాపన చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.