ఒక్క స్టార్ బెదిరింపుకు తలొగ్గాలా, వద్దా?

భవానీనగర్_డిజైనర్:
తిరుపతిలో ఇంటి నుంచే వెబ్ డిజైన్ చేస్తుంటాను. అమెరికాలోని డల్లాస్‌లో ఒక చిన్న వ్యాపారికి అప్‌వర్క్ (ఆన్‌లైన్‌లో ఇలాంటి విడి పనులు దొరికే సైట్) ద్వారా 5 పేజీల సైట్ ఒప్పుకున్నాను. మొత్తం 400 డాలర్లు, సగం వచ్చింది. పేజీలన్నీ అయ్యాక లోగో మార్చమన్నాడు, మార్చాను. ఫోటోలన్నీ మళ్లీ కత్తిరించమన్నాడు, అదీ చేశాను. ఇప్పుడు బుకింగ్ పేజీ కావాలట, ఉచితంగా! "చిన్న పనే కదా" అంటాడు. నాకది నాలుగు రోజుల పని. కుదరదంటే రివ్యూలో ఒక్క స్టారే ఇస్తానన్నాడు.

పైగా రోజూ వాళ్ల మధ్యాహ్నం ఒంటిగంటకు వీడియో కాల్. అంటే మనకు రాత్రి పదకొండున్నర. మొన్న గరుడ సేవ రోజు ఇంటినిండా చుట్టాలు. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, దోమలు తోలుకుంటూ బటన్ల రంగులు చూపించాను. "చీకట్లో ఎందుకు కూర్చున్నావ్, లైటు వేసుకో" అన్నాడు మహానుభావుడు.

చేసేసి వదిలించుకోవాలా, ఆపేయాలా?

కొర్లగుంట_కోడర్:
ఆపెయ్ అన్నా. ఒకసారి ఊరికే చేశావంటే ఇక అదే నీ రేటు. మన చిత్తూరు తోతాపురి రైతుల్ని చూడు. కాయ కోసి, ట్రాక్టర్‌కెత్తి, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు క్యూలో నిలబడ్డాక ఇంక బేరమాడే బలం ఏముంటుంది? నీ కథా అంతే. కాకపోతే కాయ కుళ్లిపోతుంది, నీ కోడ్ కుళ్లదు. గట్టిగా కూర్చో.

గ్రీమ్స్‌పేట_అక్క:
చెప్పడం తేలికే. నేను అనువాదాలు చేస్తాను. కొత్తలో ఇలాగే మొండికేస్తే ఒక్క స్టార్ పడింది. అప్పటికి నాకున్నవి నాలుగే పనులు. మూడు నెలలు ఒక్కరూ పలకలేదు. తమ్ముడూ, నీకు నలభై మంచి రివ్యూలుంటే ఆ బెదిరింపును దులిపేసుకో. మూడో నాలుగో అయితే మాత్రం నాలుగు రోజులు పోయాయనుకుని చేసిచ్చెయ్. పౌరుషం అద్దె కట్టదు.

కొర్లగుంట_కోడర్:
అక్కా, నీలాంటి వాళ్లు చేసిపెడతారనే కదా వాళ్లు అడిగేది!

గ్రీమ్స్‌పేట_అక్క:
నా ఇంటి అద్దె నువ్వు కడతానంటే నేనూ మానేస్తా నాయనా.

బైరాగిపట్టెడ_పాతకాపు:
పోట్లాట తర్వాత. మిగతా 200 డాలర్లు ఎస్క్రోలో, అంటే పని అయ్యేదాకా అప్‌వర్క్ దగ్గర ఉండే ఖాతాలో, పడ్డాయా? ఫైళ్లు ఎలా పంపావు? ఇది ముఖ్యం. ఫిక్స్‌డ్ ప్రైస్ పనిలో, అంటే మొత్తం ధర ముందే మాట్లాడుకున్న పనిలో, మైల్‌స్టోన్ (డబ్బు ముడిపెట్టిన పని భాగం) దగ్గర సబ్మిట్ నొక్కి పంపితే, క్లయింట్ 14 రోజుల్లో ఏమీ అనకపోతే డబ్బు దానంతట అదే మనకు వచ్చేస్తుంది. మార్పులు అడిగితే ఆ లెక్క ఆగి, మళ్లీ సబ్మిట్ చేశాక కొత్తగా మొదలవుతుంది. ఊరికే మెసేజ్‌లో ఫైలు పంపితే లెక్కే మొదలవదు. రివ్యూ చూపించి ఉచితంగా పని చేయించుకోవడం అప్‌వర్క్ నిబంధనలకు విరుద్ధం. ఆ బెదిరింపు అక్కడి మెసేజ్‌లోనే ఉంటే నీ అదృష్టం, వాట్సాప్‌లో అయితే అప్‌వర్క్‌లో కూడా రాయించు.

ఇంకోటి, నవంబర్ మొదటి ఆదివారం వాళ్ల గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. అప్పుడు నీ పదకొండున్నర కాల్ పన్నెండున్నరకు పోతుంది. దాని సంగతి ఇప్పుడే తేల్చుకో.

భవానీనగర్_డిజైనర్:
డబ్బు ఎస్క్రోలోనే ఉంది. బెదిరింపు కూడా అక్కడే రాశాడు. కానీ ఫైళ్లన్నీ మెసేజ్‌లోనే పంపాను, సబ్మిట్ నొక్కలేదు.

బైరాగిపట్టెడ_పాతకాపు:
ఓరి దేవుడా. ముందు లేచి అది నొక్కు.

దర్గా_సర్కిల్:
నేను పని ఇచ్చే వైపు మనిషిని, కాబట్టి తిడితే తిట్టండి. నీ ప్రపోజల్‌లో మార్పులు ఎన్నిసార్లని రాశావు?

భవానీనగర్_డిజైనర్:
"అన్‌లిమిటెడ్ రివిజన్స్" అని. అలా రాయకపోతే పని రాదని భయం.

దర్గా_సర్కిల్:
అదీ సంగతి. అతను దుర్మార్గుడే, కాదనను. కానీ ఆ తాడు అతని చేతికిచ్చింది నువ్వే.

కొర్లగుంట_కోడర్:
ఒప్పుకోను. రివిజన్ అంటే ఉన్నదాన్ని దిద్దడం. లేని పేజీ కట్టడం రివిజన్ ఎలా అవుతుంది? దర్జీకి చొక్కా కుట్టమని ఇచ్చి, "సరిచేస్తానన్నావుగా, ప్యాంటు కూడా కుట్టు" అన్నట్టుంది.

గ్రీమ్స్‌పేట_అక్క:
ఈ ఒక్కటీ నిజమే. ఇక్కడ నేనూ వాడి పక్షమే.

భవానీనగర్_డిజైనర్:
ఐదు పేజీలూ సబ్మిట్ చేశాను. బుకింగ్ పేజీకి వేరే మైల్‌స్టోన్, 150 డాలర్లు అని రాశాను. కాల్ వారానికి ఒకటే, అదీ వాళ్ల ఉదయం పదిన్నర లోపు, అంటే మనకు రాత్రి తొమ్మిదిలోపు. చదివాడు. ఇంకా జవాబు లేదు.

గ్రీమ్స్‌పేట_అక్క:
మరి ఈ రాత్రి పదకొండున్నరకు మళ్లీ కాల్ చేస్తే?

భవానీనగర్_డిజైనర్:
ఫోన్ సైలెంట్‌లో పెట్టేస్తాను అక్కా. నిద్ర మాత్రం పట్టదేమో.