ఒకే ఫసలీకి రెండు తెలుగు సంవత్సరాలు ఎలా వచ్చాయి?

పెన్నాతీరం (కోవూరు)
మా తాతగారి పెట్టెలో ఒక అడంగల్ (ఊరి సాగు లెక్కల పుస్తకం) నకలు, ఒక శిస్తు రసీదు దొరికాయి. రెండింటి మీదా ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) 1342 అనే ఉంది. అయితే అడంగల్‌లో కరణం గారు ఆంగీరస నామ సంవత్సరమని రాయగా, రసీదులో శ్రీముఖ నామ సంవత్సర వైశాఖమని ఉంది. ఏదో ఒకటి తప్పని ఇంట్లో అంటున్నారు. 1342ను హిజ్రీ (ముస్లింల చాంద్రమాన సంవత్సరం) అనుకుంటే 1923 దగ్గరకు వస్తోంది గానీ, అప్పటికి ఆ చేను మా చేతికే రాలేదు. అసలు ఈ ఫసలీని ఎందుకు పెట్టారో తెలిసినవారు చెప్పగలరు.

లెక్కల మాస్టారు (కందుకూరు)
కరణం గారి తప్పేమీ లేదండీ. మన వైపు ఫసలీ జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. అది మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే 590 కలపాలి. మీ 1342 అంటే 1932 జూలై నుంచి 1933 జూన్ వరకు. ఆ మధ్యలో ఉగాది వచ్చి, ఆంగీరస పోయి శ్రీముఖ ప్రవేశించింది. అందువల్ల రెండు కాగితాలూ సరైనవే.

ఇక ఎందుకంటారా, హిజ్రీ సంవత్సరానికి సుమారు 354 రోజులే. మన పంచాంగంలోలాగా అధికమాసం వేసి సర్దే పద్ధతి అందులో లేదు. ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరిగే ఆ లెక్కతో శిస్తు అడిగితే, కొన్నేళ్ళకు గింజ కళ్ళానికి రాకముందే రైతు డబ్బు కట్టవలసి వస్తుంది. ఫసల్ అంటే పంట. అక్బరు కాలంలో హిజ్రీ అంకెను అలాగే ఉంచి, అక్కడినుంచి సౌరమానంతో లెక్కించసాగారు. దక్కనులో ఈ ఏర్పాటు షాజహాను కాలంలో, 1636లో జరిగింది. అప్పటికి హిజ్రీ 1046. తీసివేసి చూడండి, 590 అక్కడిదే. ఉత్తరాది ఫసలీ అంతకుముందే విడిపోయింది కనుక మనదానితో కలవదు.

పాతకాగితం (ఒంగోలు)
మాస్టారి లెక్కకు ఒక్క మాట చేరుస్తాను. అక్కడ శిస్తు చేసిన పనిని ఐరోపాలో ఈస్టరు పండుగ చేసింది. జూలియస్ సీజరు పెట్టిన సంవత్సరం అసలుకంటే పదకొండు నిమిషాలు ఎక్కువ. ఆ నిమిషాలే పేరుకొని పండుగను కాలం తప్పించడంతో, పోపు గ్రెగరీ 1582 అక్టోబరు 4 తరువాతి రోజును 15గా ప్రకటించాడు. పోపు మాట వినడం ఇష్టంలేని బ్రిటను 1752 దాకా ఆగింది, అప్పటికి తీసేయవలసినవి 11 రోజులయ్యాయి.

మీరు మాత్రం సంవత్సరం పేరొక్కటే నమ్మకండి. అరవై ఏళ్ళకు మళ్ళీ 1992లోనూ ఆంగీరసే వచ్చింది. ఫసలీ అంకె ఉండబట్టి సరిపోయింది.

పెన్నాతీరం (కోవూరు)
ఇద్దరికీ కృతజ్ఞతలు. మాస్టారి జవాబు చదివాక రసీదు తిరగేసి చూశాను. వెనుక పెన్సిలుతో, సగం చెరిగిపోయి, 12-5-33 అని ఉంది.