ఎం-ట్రానిక్, ఆటోట్యూన్ రంపాలు: సైలెన్సర్ తెరిచే ముందు ఏం చూడాలి? (చర్చ)

డగ్లస్‌ఫర్
స్టిల్ కంపెనీ పెట్రోలు చైన్ రంపం ఎంఎస్ 261 సి-ఎం, సెకండ్ హ్యాండ్. ఎం-ట్రానిక్, అంటే పెట్రోలు పాళ్లని కంప్యూటరే సర్దే రకం. 50.2 సీసీ, 3 కిలోవాట్లు, బార్ (చైన్ తిరిగే పొడుగు పలక) లేకుండా 4.9 కిలోలు. ఒరెగాన్‌లో పొయ్యి కట్టెల కోతకి. పవర్ కోసం సైలెన్సర్ తెరిచి (పొగ దారి పెద్దది చేసి), సిలిండర్ కింద ప్యాకింగ్ తీసేద్దామని ఉంది. కార్బొరేటర్‌కి సెట్టింగ్ స్క్రూలే లేవు కాబట్టి పెట్రోలు సంగతి కంప్యూటరే చూసుకుంటుంది కదా? ఏది ముందు, ఏది తర్వాత?

బెంచ్‌వైస్
చూసుకుంటుంది, కానీ దాని చేతిలో ఉన్నంత మేరకే. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే వరస దానంతటదే తేలుతుంది.

ఇందులో కార్ల మాదిరి ఆక్సిజన్ సెన్సర్ లేదు. బ్యాటరీ కూడా లేదు, కరెంటు ఫ్లైవీల్ నుంచే. మాడ్యూల్, అంటే ఆ కంప్యూటర్, ఇంజిన్ వేగాన్ని కనిపెట్టి ఉంటుంది. పెట్రోలు ఒక్క పిసరు మార్చి, ఆర్‌పీఎం పెరిగిందా తగ్గిందా చూసి, దాన్నిబట్టి కార్బొరేటర్‌లోని సోలినాయిడ్ వాల్వుని (కరెంటుతో పనిచేసే పెట్రోలు వాల్వు) సరిచేస్తుంది. ఆ సెట్టింగే గుర్తుపెట్టుకుని మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు అక్కడి నుంచి మొదలుపెడుతుంది. ఎందుకు పెట్రోలు ఎక్కువ కావలసి వచ్చిందో మాత్రం దానికి తెలియదు. మీరు సైలెన్సర్ తెరిచినా, ఆయిల్ సీల్ (ఇంజిన్ షాఫ్ట్ చుట్టూ గాలి దూరకుండా ఆపే రింగు) పోయి గాలి లాగుతున్నా దానికి ఒకటే.

అసలు ప్రమాదం ఇక్కడే. క్లచ్ వైపు సీల్ కొంచెం పోయిన మామూలు రంపం ఆ సంగతి చెప్పేస్తుంది: రేస్ వదిలినా వేగం వెంటనే దిగదు, స్లో రన్నింగ్ ఊగుతుంది. కంప్యూటర్ రంపం పెట్రోలు పెంచి ఆ లక్షణాలన్నీ కప్పేస్తుంది. సోలినాయిడ్ పరిధిలో సగం లీక్‌కే ఖర్చైపోయాక మీరు సైలెన్సర్ తెరిస్తే మిగతా సగమూ అయిపోతుంది. ఆపైన పెట్రోలు చాలదు. ఈ ఇంజిన్‌కి ఆయిలూ పెట్రోలుతోనే వస్తుంది, లోపలి చల్లదనమూ చాలావరకు దాంతోనే. అది తగ్గితే ఎగ్జాస్ట్ వైపు పిస్టన్ మీద నిలువు గీతలు పడి పట్టేస్తుంది.

అందుకని ముందు లీక్ టెస్ట్. అది పాసైతేనే మిగతావి.

రెండుస్ట్రోకులు
బెంచ్‌వైస్ గారు చెప్పినదానికి టెస్ట్ వివరాలు కలుపుతున్నాను.

సైలెన్సర్ విప్పగానే టార్చి పెట్టి ఎగ్జాస్ట్ కిటికీలోంచి (సిలిండర్‌లో పొగ బయటికి పోయే రంధ్రం) పిస్టన్ చూడండి. తయారీలో పడిన సన్నని అడ్డగీతలు కనిపిస్తుంటే బాగున్నట్టు. నిలువు గీతలుంటే ఇక టెస్టు కాదు, సిలిండర్ విప్పడమే.

పిస్టన్‌ని పైకి, టాప్ డెడ్ సెంటర్‌కి తెచ్చి, ఎగ్జాస్ట్ కిటికీకి రబ్బరు పలక అడ్డం పెట్టి పైన సైలెన్సర్ బిగించండి. ప్లగ్ బిగించే ఉండాలి. డీకంప్రెషన్ వాల్వు (తేలిగ్గా స్టార్ట్ అవడానికి ఒత్తిడి వదిలే బటన్) ఉన్న మోడల్ అయితే అది మూసి ఉండాలి. కార్బొరేటర్ తీసేసి ఆ చోట టెస్ట్ ఫ్లాంజ్ (పంపు గొట్టం తగిలించే మూత పలక) బిగించి పంపు పెట్టండి.

ముందు గాలి కొట్టండి, 0.5 బార్ ఒత్తిడికి. 20 సెకన్లు కదలకుండా నిలవాలి. పడిపోతుంటే సీళ్లు, సిలిండర్ అడుగు, ప్లగ్ చుట్టూ సబ్బునీళ్లు రాస్తే బుడగలే చోటు చూపిస్తాయి. తర్వాత వాక్యూమ్, అదీ 0.5 బార్. 20 సెకన్ల తర్వాత ముల్లు 0.3 దగ్గర గానీ, దానికంటే ఎక్కువ వాక్యూమ్‌లో గానీ నిలిస్తే పర్వాలేదు. గాలి టెస్టులో పాసై వాక్యూమ్‌లో ఫెయిలయితే ఎక్కువగా ఆయిల్ సీళ్లే కారణం: లోపలి నుంచి ఒత్తిడి ఉంటే సీల్ పెదవి షాఫ్ట్‌ని అతుక్కుంటుంది, లోపలికి లాగితే విడుతుంది. గాలి టెస్టు ఒక్కటే చేసి వదిలేసే మెకానిక్‌లు ఉన్నారు. అది సగం పనే.

టెస్ట్ నడుస్తుండగా ఫ్లైవీల్‌ని చేత్తో మెల్లగా తిప్పండి. షాఫ్ట్ ఒక వైపు అరిగి ఉంటే ఆ స్థానంలోనే లీక్ అవుతుంది.

డగ్లస్‌ఫర్
టెస్ట్ ఫ్లాంజ్ బదులు ఇంట్లో కోసిన రబ్బరు ముక్క సరిపోతుందా?

రెండుస్ట్రోకులు
సరిపోతుంది, కానీ ఎంఎస్ 261లో గాలికి వేరే దారి ఉంది. ముందు వట్టి గాలి, వెనక పెట్రోలు కలిసిన గాలి సిలిండర్‌లోకి వెళ్లే ఏర్పాటు అది. రబ్బరు ముక్క రెండు దారులనీ, ఇంపల్స్ రంధ్రాన్నీ (ఇంజిన్ ఒత్తిడిని కార్బొరేటర్‌లోని పెట్రోలు పంపుకి అందించేది) మూయాలి. ఒకటి వదిలేస్తే లేని లీక్ కోసం రోజంతా వెతుకుతారు.

పైన్‌గాలి
సైలెన్సర్ లెక్క. ఎంత పెద్ద కన్నం పెడితే అంత పవర్ అనుకోవద్దు. బయటికి వెళ్లే దారి మొత్తం కలిపి ఎగ్జాస్ట్ కిటికీ వైశాల్యంలో 75 నుంచి 80 శాతం దగ్గర ఆపడం వాడుక. అది దాటితే చప్పుడు పెరుగుతుంది తప్ప కోతలో తేడా తెలియదు.

ఉదాహరణకి కిటికీ 30 మి.మీ. వెడల్పు, 15 ఎత్తు, మూలలు గుండ్రం అయితే సుమారు 430 చదరపు మి.మీ. అందులో 75 శాతం 320. ఉన్న దారి 180 అనుకుంటే ఇంకా 140 కావాలి. 13.5 మి.మీ. డ్రిల్ బిట్ కన్నం ఒక్కటి 143 ఇస్తుంది. మీ కిటికీని వెర్నియర్‌తో కొలిచి ఇదే లెక్క వేసుకోండి.

డ్రిల్ పని సైలెన్సర్ రంపం నుంచి విప్పాకే. లోపల ఒక్క ఇనుప రజను మిగిలినా కిటికీలోంచి పిస్టన్ మీదికి చేరే వీలుంది. కొత్త కన్నం ముందువైపు ఉండాలి. హ్యాండిల్ వైపు, ఆయిల్ ట్యాంక్ వైపు పెడితే ప్లాస్టిక్ కరుగుతుంది. నిప్పురవ్వల జాలీ కొత్త కన్నానికి కూడా పెట్టాల్సిందే. కాలిఫోర్నియా లాంటి చోట అడవిలో జాలీ లేని రంపం నడపడమే చట్టవిరుద్ధం. అమెరికాలో ఎమిషన్ ఏర్పాట్లు మార్చడాన్ని ఫెడరల్ చట్టం కూడా ఒప్పుకోదు, వారంటీ ఎలాగూ పోతుంది. ఇది తెలిసే దిగండి.

బెంచ్‌వైస్
ప్యాకింగ్ తీసే విషయంలో నా మాట: కొలవకుండా తీయొద్దు. 1.5 మి.మీ. మెత్తటి సోల్డర్ తీగ ప్లగ్ రంధ్రంలోంచి సిలిండర్ గోడ తగిలేదాకా పంపి, పిస్టన్‌ని చేత్తో ఒక్కసారి పైకి దాటించండి. తీగ పిస్టన్ పిన్ను ఉన్న దిశలో ఉండాలి, లేకపోతే పిస్టన్ ఒరిగి కొలత తప్పుతుంది. నలిగిన చివరి మందమే స్క్విష్, అంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు దానికీ సిలిండర్ పైభాగానికీ మధ్య మిగిలే సందు. అందులోంచి ప్యాకింగ్ మందం తీసేస్తే 0.5 మి.మీ.కి తగ్గకూడదు. 0.9 ఉండి ప్యాకింగ్ 0.5 అయితే మిగిలేది 0.4, అంటే వద్దు.

తీస్తే సిలిండర్ కిందికి దిగుతుంది, ఎగ్జాస్ట్ ఆలస్యంగా తెరుచుకుంటుంది. కింది వేగంలో లాగుడు పెరిగి పైన కొంచెం తగ్గుతుంది. ప్యాకింగ్ చోట పెట్రోలు తట్టుకునే సీలెంట్ పల్చగా రాసి, ట్యూబ్ మీద రాసినన్ని గంటలు ఆరనిచ్చి, లీక్ టెస్ట్ మళ్లీ మొదటినుంచి చెయ్యాలి.

పైన్‌గాలి
50 సీసీ రంపానికి ప్యాకింగ్ జోలికి వెళ్లకపోవడమే మేలని నేనంటాను. ఆ సమయం చైన్ మీద పెట్టండి. .325 అంగుళాల పిచ్ చైన్‌కి 4.8 మి.మీ. ఆకురాయి, 30 డిగ్రీలు, డెప్త్ గేజ్ (పన్ను ముందుండి కోత లోతుని ఆపే బొడిపె) పన్ను కంటే 0.65 మి.మీ. కిందికి. పళ్లన్నీ ఒకే పొడవుంటే కోతలో కనిపించే తేడా దీని ముందు ఏ మార్పూ ఇవ్వదు.

రెండుస్ట్రోకులు
పని అయ్యాక కాలిబ్రేషన్, అంటే కంప్యూటర్‌కి సెట్టింగ్ మళ్లీ నేర్పించడం. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉండాలి, బార్, చైన్ బిగించి ఉండాలి, చైన్ దేనికీ తగలకూడదు. చైన్ బ్రేక్ వేసి, లీవర్‌ని స్టార్ట్ గుర్తు మీద పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి, రేస్ ముట్టుకోకుండా కనీసం 30 సెకన్లు అలాగే నడవనివ్వండి. లీవర్ స్టార్ట్‌లోనే ఉండగా బ్రేక్ విడిపించి రేస్ పూర్తిగా నొక్కి పట్టుకోండి. వేగం పెరుగుతూ తగ్గుతూ గందరగోళంగా వినిపిస్తుంది, భయపడి వదలొద్దు. వేగం స్పష్టంగా పడిపోయినప్పుడే వదలాలి. మధ్యలో వదిలేసినా, ఇంజిన్ ఆగినా మళ్లీ మొదటికే. సెకన్ల లెక్క మోడల్‌ని బట్టి కొద్దిగా మారుతుంది, మీ మాన్యువల్‌లో చూసుకోండి.

హస్క్‌వర్నా కంపెనీ రంపాల్లో ఇలాంటి కంప్యూటర్ ఏర్పాటే ఆటోట్యూన్, అందులో ఈ లీవర్ తతంగం లేదు. మందమైన దుంగలో పూర్తి రేస్ మీద కొన్ని నిమిషాలు కోస్తే అదే సర్దుకుంటుంది. గాల్లో రేస్ ఇస్తే సర్దుకోదు, లోడ్ పడాలి.

జామాయిల్‌కోత
ఖమ్మం వైపు జామాయిల్, సరుగుడు కోసేవాళ్లకి ఒక ప్రశ్న: ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోలుతో ఈ రంపాలకి ఇబ్బంది ఉందా?

బెంచ్‌వైస్
అన్నా, ఎం-ట్రానిక్ ఈ27 వరకు పూర్తి పవర్ ఇస్తుందని స్టిల్ మాన్యువల్లోనే ఉంది. చేత్తో సెట్ చేసే కార్బొరేటర్ రంపాలకి మాత్రం 10 శాతం దాటొద్దని అదే మాన్యువల్ చెబుతోంది. ఇథనాల్ కలిస్తే ఇంజిన్‌కి ఇంధనం ఎక్కువ కావాలి, స్క్రూ రంపం దాన్ని తనంతట తాను పెంచుకోలేదు.

కానీ కంప్యూటర్ నీళ్లని సరిచేయలేదు. వానాకాలంలో సగం ఖాళీగా ఉన్న డబ్బాలో ఈ20 తేమ పీల్చుకుని, నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగుతాయి. ఆయిల్ పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. ట్యాంకులోని ఫిల్టర్ అడుగునే ఉంటుంది కాబట్టి ఇంజిన్‌కి మొదట అందేది ఆయిల్ లేని ఆ నీళ్లే. 50కి 1 పాళ్లలో, అంటే 5 లీటర్లకి 100 మి.లీ. మంచి టూ-స్ట్రోక్ ఆయిల్, ఆ వారానికి సరిపడా మాత్రమే కలపండి. పని లేని రోజుల్లో ట్యాంక్ ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడపండి.

జామాయిల్‌కోత
ప్లగ్ ఏదైనా పర్వాలేదా?

పైన్‌గాలి
లేదు. రెసిస్టర్ ప్లగ్ మాత్రమే. ఎంఎస్ 261కి ఎన్‌జీకే సీఎంఆర్6హెచ్, గ్యాప్ 0.5 మి.మీ. రెసిస్టర్ లేనిది పెడితే స్పార్క్ పుట్టించే విద్యుత్ అలజడి మాడ్యూల్ లెక్కలోకి దూరి, అది వేగాన్ని తప్పుగా చదువుతుంది.

రెండుస్ట్రోకులు
డగ్లస్‌ఫర్ గారూ, చెవితో సెట్టింగ్ చూసే అలవాటుంటే ఈ రంపం దగ్గర మానుకోండి. స్క్రూ రంపంలో దుంగలోంచి పైకి లేపినప్పుడు బుడబుడ శబ్దం వస్తే పెట్రోలు చాలినంత పడుతున్నట్టు. ఇందులో 14,000 ఆర్‌పీఎం దగ్గర మాడ్యూల్ స్పార్క్‌ని కత్తిరిస్తుంది, అదీ అలాగే వినిపిస్తుంది. లోపల పెట్రోలు చాలకపోయినా ఆ బుడబుడ వస్తుంది.

శబ్దం బదులు పిస్టన్‌ని నమ్మండి. మార్పుల తర్వాత ఒక ట్యాంకు కోసి, చల్లారాక సైలెన్సర్ విప్పి టార్చితో చూడండి. అడ్డగీతలు అలాగే ఉంటే రెండో ట్యాంకు. సన్నని నిలువు గీత ఒక్కటి మొదలైనా ఆపి, వాక్యూమ్ పంపు తగిలించండి. స్టిల్ డీలర్ దగ్గర ఎండీజీ 1 టెస్టర్ ఉంటే మాడ్యూల్‌లో నమోదైన తప్పుల కోడ్‌లు కూడా చదివించుకోవచ్చు. సోలినాయిడ్ వైరు తెగినా, కనెక్టర్ తుప్పు పట్టినా అందులో బయటపడుతుంది. లీక్ మాత్రం పంపుకే దొరుకుతుంది.