పంపుతో పాలు తీస్తుంటే మంట, చుట్టూ వాపు: సక్షన్ పెంచాలా, పంపు మార్చాలా?

గోదారిఅమ్మ:
పాపకి ఐదో నెల. 26 వారాల సెలవు అయిపోగానే డ్యూటీలో చేరాలి, అందుకే ఎలక్ట్రిక్ పంపు మొదలుపెట్టాను. దాంతో పాటు వచ్చిన ఫ్లాంజ్ (రొమ్ముకి ఆనించే గరాటు) గొట్టం వెడల్పు 24 మి.మీ. కాసేపు బాగానే ఉంటుంది, తర్వాత చనుమొన మొదట్లో మంట. తీసి చూస్తే చుట్టూ నల్లటి భాగం ఉబ్బి, రింగులా అచ్చు పడి ఉంటోంది. సక్షన్ 9లో 7 మీద పెడుతున్నాను, తగ్గిస్తే పాలు రావేమోనని. పాప తాగి వదిలేసిన గంటకి తీస్తే రెండు వైపులా కలిపి 40 మి.లీ. వస్తున్నాయి. పాప తాగేటప్పుడు మాత్రం నొప్పి లేదు. ఏం మార్చుకోవాలో చెప్పండి.

బాలింతలనర్సు:
పాప తాగితే నొప్పి లేదు, పంపుతోనే ఉందంటే తేడా ఫ్లాంజ్ కొలతలోనే ఉంది తల్లీ. పంపు మార్చకండి, సక్షన్ పెంచకండి.

ముందు కొలత తీసుకోండి. పంపు వాడాక మొన ఉబ్బి ఉంటుంది కాబట్టి వాడకముందే కొలవాలి. నల్లటి భాగాన్ని కలపకుండా చనుమొన మొదట్లో అడ్డంగా ఎన్ని మి.మీ. ఉందో చూడండి. స్కేలుతో కుదరకపోతే దారం చుట్టి, ఆ పొడవుని 3.14తో భాగించండి. 53 మి.మీ. దారం పట్టిందంటే మొన సుమారు 17. రెండు వైపులా విడివిడిగా కొలవండి, తేడా ఉండడం మామూలే. ఆ అంకెకి 0 నుంచి 3 మి.మీ. కలిపితే మీ ఫ్లాంజ్ సైజు దొరుకుతుంది. పెట్టెలో వచ్చే 24 చాలామందికి పెద్దదే. మొత్తం ఫ్లాంజ్ కొనక్కర్లేదు, దాని లోపల బిగించే సిలికాన్ ఇన్సర్ట్‌లు 15, 17, 19, 21 సైజుల్లో దొరుకుతాయి. అంచు ఎక్కడా లేవకుండా కూర్చోవాలి, లేదంటే గాలి పోయి సక్షన్ పడిపోతుంది.

సరైన సైజైతే గొట్టంలో మొన ఒక్కటే ముందుకీ వెనక్కీ ఆడుతుంది. నల్లటి భాగం కూడా లోపలికి లాగుతూ, తీశాక వాపు ఉంటే పెద్దదైనట్టు. మీకు జరుగుతున్నది ఇదే. మొన గోడలకి ఒరుసుకుని, బయటికి వచ్చేసరికి తెల్లగా పాలిపోతే చిన్నదైనట్టు, లేదా సక్షన్ ఎక్కువైనట్టు.

ఇక సక్షన్. అన్నిటికన్నా తక్కువ నంబరు మీద మొదలుపెట్టి ఒక్కొక్కటే పెంచండి. ఇబ్బందిగా అనిపించిన చోట ఆగి, ఒకటి తగ్గించండి. ఆ రోజుకి మీ నంబరు అదే. నొప్పి పుడితే చేపు (పాలు దిగి ధార కట్టడం) రాదు, చేపు రాకపోతే ఎంత లాగినా పాలు రావు. అందుకే 7 మీద కన్నా 4 మీద ఎక్కువ వచ్చేవాళ్లు ఉన్నారు. పాప తాగిన గంటకి తీస్తే 40 మి.లీ. తక్కువేమీ కాదు. అలా మధ్యలో తీసినప్పుడు 15 నుంచి 60 మి.లీ. రావడం మామూలే.

ఒరిపిడి ఇంకా ఉంటే గొట్టం మొదట్లో లోపలి వైపు రెండు చుక్కలు కొబ్బరినూనె రాయండి. రొమ్ముకి ఆనుకునే అంచు మీద రాస్తే జారిపోతుంది. వాడాక జిడ్డు పోయేలా సబ్బునీళ్లతో కడగాలి.

స్పేర్‌పార్ట్స్:
సక్షన్ 7 దాకా పెంచాల్సి వస్తోందంటే వాల్వ్ కూడా చూడండి. బాతుముక్కులా ఉండే తెల్ల వాల్వ్ కొన దగ్గర చీలిక ఉంటుంది. దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నప్పుడు ఆ పెదవులు ఎడంగా కనిపిస్తే అది అయిపోయినట్టే. రోజుకి నాలుగైదుసార్లు వాడేవాళ్లు నెలా రెండు నెలలకి మార్చాలి. కడిగేటప్పుడు చీలికలోకి బ్రష్షూ పిన్నీసూ పెట్టకండి, చిరిగేది అలాగే.

లోపం ఎక్కడుందో తెలియాలంటే ఫ్లాంజ్ మూతిని అరచేత్తో గట్టిగా మూసి పంపు ఆన్ చేయండి. అప్పుడూ లాగుడు బలహీనంగా ఉంటే వాల్వ్, పాలు వెనక్కి పోకుండా ఆపే సిలికాన్ డయాఫ్రం, ట్యూబ్ ఒక్కొక్కటే చూసుకోండి. చేత్తో మూస్తే బాగా లాగుతోందంటే అవి బాగానే ఉన్నట్టు, మీకు సైజుదే సమస్య. ట్యూబ్‌లో నీటిచుక్కలు కనిపిస్తే ఫ్లాంజ్ విప్పేసి, ట్యూబ్ ఒక్కటే తగిలించి మోటారు రెండు మూడు నిమిషాలు తిరగనివ్వండి. నల్లమచ్చలు పడితే ట్యూబ్ పారేయాల్సిందే.

ఇంకొకటి: మెడికల్ షాపుల్లో చవగ్గా అమ్మే రబ్బరు బల్బు పంపు ఎవరూ కొనకండి. లాగుడు మన అదుపులో ఉండదు, పాలు బల్బులోకి పోతే లోపల కడగడం కుదరదు.

గోదారిఅమ్మ:
కొలిచాను. ఎడమ 16, కుడి 17. ఎన్నో నంబరు ఇన్సర్ట్ తీసుకోవాలి? ఎంతసేపు, ఎలా తీయాలి? ఆఫీసులో ఫ్రిజ్ ఉంది కానీ ఇంటికి గంటన్నర ప్రయాణం, ఎండలేమో మండిపోతున్నాయి.

బాలింతలనర్సు:
ఎడమకి 17, కుడికి 19 పెట్టి చూడండి. కుడివైపు ఇంకా నల్లటి భాగం లోపలికి లాగుతుంటే అక్కడా 17 చాలు.

వేడినీళ్లలో పిండిన గుడ్డ రెండు మూడు నిమిషాలు వేసుకుని, వేళ్లతో మెల్లగా నిమరండి. మొదట వేగంగా, తేలిగ్గా లాగే సెట్టింగ్. పాలు ధారగా పడడం మొదలవగానే నెమ్మదిగా, లోతుగా లాగే సెట్టింగ్‌కి మార్చండి. ధార చుక్కలుగా మారితే మళ్లీ మొదటి సెట్టింగ్ పెట్టండి, చాలామందికి రెండో చేపు వస్తుంది. మొత్తం 15, 20 నిమిషాలు చాలు. ఫ్లాంజ్‌ని రొమ్ముకి ఆనించి పట్టుకుంటే సరిపోతుంది, నొక్కకండి. మీకు రింగులా అచ్చు పడడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. అంచు ఒత్తితే లోపల పాలు వచ్చే దారి మూసుకుపోతుంది.

ఎక్కడైనా గడ్డలా తగిలితే గట్టిగా పిసకొద్దు. ఖాళీ చేయాలని అదేపనిగా పంపు పెడితే వాపు ఇంకా పెరుగుతుంది. చల్లటి గుడ్డ వేసుకుని పాపకి మామూలుగా పట్టండి. జ్వరం ఒక రోజు దాటినా, ఎరుపు పాకుతున్నా డాక్టరుకి చూపించాలి. అప్పుడు కూడా పాలు మాన్పించే పని లేదు.

చల్లనిడబ్బా:
పాలు గది వేడిలో 4 గంటలు ఉంటాయంటారే, అది 25 డిగ్రీల లోపు మాట. మన ఎండాకాలానికి అది వర్తించదు. తీసిన వెంటనే ఫ్రిజ్ లోపలి అరలో పెట్టండి, తలుపు అరలో వద్దు. అక్కడ 4 రోజుల దాకా ఉంటాయి. ప్రయాణానికి వేడి చొరబడని బ్యాగులో గడ్డకట్టిన ఐస్ ప్యాకులు సీసాలకి ఆనేలా పెట్టుకుంటే గంటన్నరకి ఇబ్బంది లేదు. అప్పుడే తీసిన వెచ్చటి పాలు చల్లటి పాలల్లో కలపకండి, చల్లారాకే కలపాలి.

ఆఫీసులో మూడు గంటలకోసారి తీయండి. మీటింగ్ వల్ల ఆలస్యమై రొమ్ము రాయిలా అయితే వెంటనే ఫ్లాంజ్ పెట్టకండి. మొన చుట్టూ వేలికొనలతో లోపలికి నిమిషం పాటు మెల్లగా అదిమి పట్టి, చేత్తో కాసిని పాలు పిండేశాక, నల్లటి భాగం మెత్తబడితేనే పంపు పెట్టాలి.