గలతియా బే అభయారణ్యం హోదా తీసేయడం న్యాయమేనా?

గట్టుమీద: అండమాన్ నికోబార్‌లోని గ్రేట్ నికోబార్ దీవి దక్షిణాన ఉన్న గలతియా బేలో లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెడతాయి. అందుకే 1997లో అభయారణ్యం చేశారు. కంటైనర్ ఓడరేవు కోసం 2021 జనవరిలో ఆ హోదా తీసేశారు. నెల తిరక్కుండానే కేంద్రం విడుదల చేసిన సముద్ర తాబేళ్ల ప్రణాళికలో ఇదే తీరాన్ని ముఖ్యమైన ఆవాసంగా చూపించారు! దీన్ని సమర్థించేవాళ్లున్నారా?

సిపాయి_కొడుకు: నేనున్నాను. ప్రభుత్వం మాజీ సైనికులకు భూములిస్తానంటే మా నాన్న గ్రేట్ నికోబార్‌లోనే ఉన్న క్యాంప్‌బెల్ బే వెళ్లారు. అడవి నరికి తోట వేసుకున్నాం. 2004 సునామీలో తోటా పోయింది, రోడ్డూ పోయింది. తర్వాత అమ్మకు జబ్బు చేస్తే హెలికాప్టర్‌లో సీటు దొరక్క, ఓడ ఎప్పుడొస్తుందా అని రేవులోనే పడి ఉన్నాం. తాబేలుకు అభయారణ్యం ఉంది, మా అమ్మకేముంది? సునామీకి ఆ ఇసుకంతా కొట్టుకుపోయింది. మళ్లీ చేరింది, తాబేళ్లూ వచ్చాయి. వాటి దారి అవి చూసుకుంటాయి.

లెక్కలమాస్టారు: తాబేళ్లు సరే, చెట్ల మాటేంటి? ఓడరేవు, దానితోపాటు కట్టే టౌన్‌షిప్‌ల ప్రాజెక్టులో పోయేది సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి. 2023లో పార్లమెంటులో చెప్పిన అంచనాయే 9.64 లక్షల చెట్లు. బదులుగా నాటేది హర్యానాలో. నికోబార్ వర్షారణ్యానికి హర్యానా మొక్క ఎలా సమానమో ఎవరైనా చెప్పండి.

రవ్వలడ్డు: పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

గట్టుమీద: సిపాయి గారూ, సునామీ తర్వాత సముద్రమే ఇసుకను తిరిగి పోసింది. కాంక్రీటు గోడ కడితే ఎవరు పోస్తారు? మీ అమ్మగారికి కావాల్సింది ఆసుపత్రి, మంచి ఓడ. సింగపూర్ వెళ్లే కంటైనర్లు కావు.

సిపాయి_కొడుకు: ఆసుపత్రి అడిగి అడిగి అలిసిపోయాం సార్. ఓడరేవు వస్తేనే మిగతావి వస్తాయి. ఏసీ గదిలో కూర్చుని తాబేళ్ల ఫొటోలు షేర్ చేసేవాళ్లకు ఇది ఎక్కదు.

గట్టుమీద: వ్యక్తిగతంగా రావద్దు. నాది ఫ్యాన్ కూడా సరిగా తిరగని గది.

లెక్కలమాస్టారు: హర్యానా ప్రశ్న అలాగే ఉంది.

సిపాయి_కొడుకు: మాస్టారూ, ఆ హర్యానాను కాసేపు వదలండి!

తెరచాప: మీరిద్దరూ గలతియా గీత దగ్గరే ఆగిపోయారు. 2022లో లిటిల్ నికోబార్‌లో తాబేళ్లకు, మెంచల్‌లో మెగాపోడ్ పక్షులకు, మేరోలో పగడాలకు కొత్త అభయారణ్యాలు ప్రకటించారు. ఆ దీవులు నికోబారీ గిరిజనులవి. ఎప్పుడు వెళ్లాలో, ఏం పట్టాలో వాళ్లకు ముందునుంచే కట్టుబాట్లున్నాయి. వాళ్లను అడక్కుండానే గీతలు గీశారు. ఓడరేవుకు 2022 ఆగస్టులో ఇచ్చిన అంగీకారాన్ని వాళ్ల గిరిజన మండలి నవంబరులో వెనక్కి తీసుకుంది. సునామీకి ముందు తాము బతికిన ఊళ్లు కూడా ప్రాజెక్టులో పోతున్నాయని అప్పుడే తెలిసిందట. సునామీ తర్వాత క్యాంపుల్లో ఉన్నవాళ్లు ఆ ఊళ్లకే తిరిగి వెళ్తామంటున్నారు.

సిపాయి_కొడుకు: 1997లో మమ్మల్నీ ఎవరూ అడగలేదు. అసలు నా మంట అదే. అభయారణ్యం పెట్టిందీ ఢిల్లీయే, తీసిందీ ఢిల్లీయే. రేపు కొత్త టౌన్‌షిప్‌కు లక్షల మంది వస్తే మా మాట చెల్లదని నాకూ తెలుసు. అయినా ఇన్నేళ్లకు ఎవరో ఏదో కడతామన్నారు, కాదనబుద్ధి కాలేదు.

గట్టుమీద: మరి పైన “తాబేళ్లు చూసుకుంటాయి” అని ఎందుకన్నారు? అడగాల్సి వస్తే మీకంటే ముందు ఆ దీవి అడవుల్లో బతికే షోంపెన్ గిరిజనులను అడగాలి. బయటివాళ్లతో కలవడానికే ఇష్టపడని మనుషులు వాళ్లు. వాళ్ల అడవిలో మీ నాన్నగారికి భూమిచ్చినప్పుడు వాళ్లనెవరు అడిగారు?

సిపాయి_కొడుకు: మా నాన్న జోలికి రాకండి. ఆయన తనకిచ్చింది తీసుకున్నారు.

తెరచాప: ఆయన తప్పేం లేదు. ఆ భూమి ఇచ్చినవాళ్లదేనా అన్నదే ప్రశ్న. అభయారణ్యానికైనా అంతే, ఓడరేవుకైనా అంతే.

సిపాయి_కొడుకు: అయితే మేమెక్కడికి పోవాలి? అది చెప్పండి ముందు.