మట్టికోట దగ్గర బర్ల కొట్టానికి గుంతలు తీస్తే పెంకులొచ్చాయి, ఏం చేయాలి?

కోటకాడి రైతు:
అన్నలకు నమస్తే. ఖిలా వరంగల్ మట్టికోట కట్ట దగ్గర మాకు ఇరవై ఆరు గుంటల చెలక ఉంది, ఆరు బర్లున్నాయి. పాత కొట్టం రేకులు గాలివానకు లేచిపోయాయి. కొత్తది నలభై అడుగుల పొడవు, ఇరవై వెడల్పుతో వేద్దామని స్తంభాలకు ఎనిమిది గుంతలు మొదలుపెట్టాం. నాలుగో దాంట్లో మూడడుగుల లోతున గడ్డపార టక్కుమంది. చూస్తే ఇప్పటి ఇటుకకు రెండింతలున్న ఇటుక. చుట్టూ నల్లమట్టి, కుండ పెంకులు, బొగ్గు. మిగతా గుంతల్లో ఉత్త మొరమే.

పక్క చేను కాకా "ఎవరికీ చెప్పకు, సిమెంటు పోసెయ్, తెలిస్తే భూమి గుంజుకుంటారు" అంటున్నాడు. మా బాపు పని ఆపమన్నాడు. మేస్త్రీకి అడ్వాన్స్ ఇచ్చేశా, ఒకటే టెన్షన్. నిజంగా భూమి పోతుందా? పురావస్తు శాఖోళ్లు వచ్చి పరీక్ష తవ్వకం చేస్తారంటున్నారు, అంటే చెలకంతా తవ్వుతారా?

తవ్వకాల పాత కూలీ:
తమ్మీ, సిమెంటు మాత్రం పోయకు. నేను రెండు సీజన్లు తవ్వకాల్లో పనిచేశాను. పరీక్ష అంటే చెలకంతా కాదు, సన్నటి కందకం లాంటిది తీస్తారు. పారతో గుల్ల చేయరు, చిన్న తాపీతో పొర పొరగా గీకుతారు. మట్టి రంగు మారిన చోట ఆగుతారు. ఏ పొరలో దొరికిన పెంకు ఆ పొర సంచిలోనే పడాలి, కలిపితే మేం తిట్లు తిన్నట్టే. మనిషి చెయ్యి పడని మొరం తగిలితే ఇక తవ్వరు.

నీ నల్లమట్టి పాత పొయ్యో, చెత్త గుంతో కావచ్చు. ఇటుక కన్నా ఆ గుంత గోడే ముఖ్యం. పక్కన టేపు పెట్టి ఫోటో తీసి, వాన పడకుండా కప్పు. పక్కలు చెక్కి సాపు చేయకు. ఇటుక బయటికి తీయకపోతే ఇంకా బాగుండేది.

సర్వే నంబర్ సార్:
పెంకులు దొరికినంత మాత్రాన భూమి పోదు. పట్టా నీదే, సాగూ నీదే. పేచీ అంతా కట్టడం దగ్గరే. వరంగల్ కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్తగా ఏదీ కట్టకూడదు, ఆ తర్వాతి 200 మీటర్లలో ముందే అనుమతి తీసుకుని కట్టుకోవచ్చు. బర్ల కొట్టమే కదా అంటే కుదరదు, అదీ కట్టడమే. 100 మీటర్ల లోపు కట్టి దొరికితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

చాలామంది పొరపడేది కొలత దగ్గర. కట్ట అంచు నుంచి కాదు, ప్రభుత్వం నోటిఫై చేసిన రక్షిత హద్దు నుంచి కొలవాలి. సర్వేయర్‌ను పిలిపించు. ఇంకోటి, నాణేలో నగలో దొరికితే 1878 నాటి చట్టం ఉంది. విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాసివ్వాలి. పది రూపాయలకు ఇప్పుడు చాయ్ కూడా రాదు, అంటే ఏది దొరికినా రాసివ్వాల్సిందే.

పెద్దపల్లి పిల్లగాడు:
మా పెద్దబంకూరులో కూడా పైకి మామూలు చేనే. తవ్వితే శాతవాహనుల కాలం నాటి ఇటుక బావులు, ఒరల బావులు బయటపడ్డాయి. మీ మట్టికోట ఇంకా గట్టిది. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ ముట్టడించినప్పుడు ఉక్కు ఈటె కూడా ఆ గోడలో దిగదని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు. ఇప్పుడు జేసీబీకి దిగుతోంది, అది వేరే సంగతి.

కోటకాడి రైతు:
అందరికీ థాంక్స్. నిన్న కొలిపించా. గుంతలు తీసిన చోటు హద్దు నుంచి 62 మీటర్లే. బోరు పక్క చివర 125 దాకా పోతుంది. కొట్టం అటు జరిపి, అనుమతికి దరఖాస్తు పెడుతున్నా. అది వచ్చేదాకా బర్లు వేపచెట్టు కిందే. మేస్త్రీ అడ్వాన్స్ తిరిగివ్వనన్నాడు, అటు పని చేయిస్తే కూలీలో తగ్గించుకుంటాడట. కాకా నాతో మాట్లాడట్లేదు.

దొరికింది పురావస్తు శాఖోళ్లకు రాసిచ్చి వచ్చాం, వాళ్లు వచ్చి చూసేదాకా గుంత మీద టార్పాలిన్ కప్పి ఉంచా. ఇటుక మాత్రం అప్పటికే ఇల్లు చేరింది, మా అమ్మ దాని మీద కుడితి కుండ పెట్టింది. తీసి గోనెసంచిలో చుట్టి "నాలుగో గుంత, మూడడుగులు" అని చీటీ రాసి పెట్టా.